షేక్‌స్పియర్ మహాకవి గృహజీవితం – చరమదశ

ప్రపంచ నాటక రచయితలలో అగ్రగణ్యుడైన విలియం షేక్‌స్పియర్ పేరు వినని విద్యార్థి మన కళాశాలలో ఉండడు. తెలుగు చదివినవారికి ఆయన కందుకూరి వీరేశలింగం పంతులుగారి ‘చమత్కార రత్నావళి’ ద్వారాను, ఉర్దూ చదివినవారికి ఆగా హష్ర్ కాశ్మీరీ ‘సఫేద్ ఖూన్’ ద్వారాను పరిచితుడే. మొదటిది ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’ నాటకానికి, రెండవది ‘కింగ్ లియర్’ నాటకానికి మన దేశంలో ఏర్పడిన రూపాలు. అయితే ఆయన నాటకాలను ఎరిగినంతగా ఆయన ఇంటిని ఎరిగినవారు అరుదు. కుమార్తెలకు రాజ్యం పంచి యిచ్చి అగచాట్ల పాలైన లియర్ మహారాజు కథను లోకానికి చెప్పిన ఆ మహాకవి, తన ఇద్దరు కుమార్తెల విషయంలో ఏ విధంగా వ్యవహరించాడు? కుమారుడు లేని ఆ ఇంటిలో తన పేరును, తన ఆస్తిని నిలుపుకొనడానికి ఏమేమి చేశాడు? అవి నిలిచాయా? ఈ విషయాలను మా శక్తి కొలది ఈ వ్యాసంలో వివరింప దలచాము.

ఈ విషయంపై ఆసక్తి కలగడానికి ఒక చలనచిత్రం కూడా కారణం. 2018లో కెనెత్ బ్రానా దర్శకత్వం వహించి, తానే షేక్‌స్పియర్‌గా నటించిన ‘ఆల్ ఈజ్ ట్రూ’ అనే చిత్రం ఆ మహాకవి చివరి మూడేండ్ల కుటుంబ జీవితాన్ని ఇతివృత్తంగా స్వీకరించింది. కథను బెన్ ఎల్టన్ సమకూర్చగా, కవి భార్య ఆన్ పాత్రను జూడీ డెంచ్ ధరించారు. ‘అంతా నిజమే’ అని అర్థమిచ్చే ఆ పేరు నిజానికి షేక్‌స్పియర్ నాటకానిదే. ‘ఎనిమిదవ హెన్రీ’ నాటకానికి ఆ కాలంలో ఉన్న రెండవ పేరు అది. పేరు అట్టిదైనను చిత్రంలోని దంతా నిజం కాదు. కావున ముందుగా దస్తావేజులు చెప్పే కథను తెలుసుకొని, తరువాత చిత్రంలోని కల్పనను పరిశీలించడం యుక్తమని మేము భావిస్తున్నాము.

షేక్‌స్పియర్ ఇంగ్లండులో ఏవన్ నదీ తీరాన గల స్ట్రాట్‌ఫర్డ్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. 1564 ఏప్రిల్ 26వ తేదీన ఆయనకు బాప్తిస్మం జరిగినట్లు ఆ ఊరి చర్చి రిజిస్టరులో నమోదై ఉంది. తండ్రి జాన్ చేతితొడుగులు తయారు చేసే వృత్తిలో ఉండి, క్రమంగా పైకి వచ్చి, 1568లో పట్టణ పాలక సంఘానికి అధ్యక్షుడైనాడు. తల్లి మేరీ ఆర్డెన్ భూవసతి గల రైతు కుటుంబానికి చెందినది. తల్లిదండ్రులిద్దరును దస్తావేజులపై సంతకానికి బదులు గుర్తులు పెట్టినవారే. అట్టి ఇంటినుండి ఆంగ్లభాషకు అంతటి కవి వెలువడ్డాడంటే ఆ ఊరి బడికి మనం నమస్కరించవలసిందే.

1582 నవంబరులో, 18 ఏండ్ల వయస్సున, తనకంటె 8 ఏండ్లు పెద్దదైన ఆన్ హాథవేను ఆయన వివాహమాడాడు. 1583 మే నెలలో పెద్దకుమార్తె సుసానాకు, 1585 ఫిబ్రవరి 2వ తేదీన కవలలైన హామ్నెట్, జూడిత్‌లకు బాప్తిస్మం జరిగింది. ఇరుగుపొరుగున ఉన్న హామ్నెట్ శాడ్లర్, జూడిత్ శాడ్లర్ అనే దంపతుల పేర్లే ఆ కవలలకు పెట్టారు. తరువాత షేక్‌స్పియర్ లండన్ చేరి, నటుడుగాను, నాటక రచయితగాను, నాటక సమాజంలో భాగస్వామిగాను ప్రసిద్ధి గాంచాడు. భార్యాబిడ్డలు మాత్రం స్ట్రాట్‌ఫర్డ్‌లోనే ఉండిపోయారు. ఈ రెండు ఊళ్ళ మధ్య దూరం సుమారు 100 మైళ్ళు. ఆ రోజులలో గుర్రంపై వచ్చినా రెండు మూడు రోజుల ప్రయాణం. ఇరవై ఏండ్లకు పైగా ఆ కుటుంబం ఈ విధంగా రెండు చోట్ల జీవించింది.

1596 ఆగస్టు 11వ తేదీన హామ్నెట్‌ను ఖననం చేశారు. వానికి అప్పటికి పదకొండేండ్లు. రిజిస్టరులో పేరు, తేదీ, ఎవరి కుమారుడన్న మాట తప్ప మరణకారణం లేదు. సరిగా పది వారాలు గడచిన తరువాత, ఆ అక్టోబరు 20వ తేదీన, జాన్ షేక్‌స్పియర్‌కు వంశచిహ్నం ధరించే హక్కు ప్రసాదింపబడింది. ఒక డాలు, దానిపై ఒక ఈటె, పైన ఒక డేగ గల ఆ చిహ్నం తండ్రినుండి కొడుకుకు, కొడుకునుండి మనుమనికి సంక్రమించే పెద్దమనుషుల ముద్ర. తాతకు ఆ గౌరవం దక్కేనాటికి దానిని ధరింపవలసిన మనుమడు మట్టిలో కలిసిపోయాడు. షేక్‌స్పియర్ జీవితంలోని దుఃఖమంతా ఈ రెండు తేదీల నడుమ ఇమిడి ఉన్నదని మాకు తోస్తుంది.

మరుసటి సంవత్సరం, 1597 మే నెలలో, ఆయన ‘న్యూ ప్లేస్’ అనే పెద్ద ఇంటిని కొన్నాడు. స్ట్రాట్‌ఫర్డ్‌లో అది రెండవ పెద్ద ఇల్లు. పది చలిపొయ్యిలు గల ఆ భవనానికి పత్రంలో చూపిన ధర 60 పౌనులు. 1602లో 320 పౌనులకు 107 ఎకరాల భూమిని, 1605లో 440 పౌనులకు ఆ ప్రాంతపు పంటలో చర్చికి చెందే దశమభాగాలలో కొంత హక్కును సంపాదించాడు. లండన్‌లో ‘హామ్లెట్’, ‘ఒథెల్లో’, ‘లియర్’, ‘మాక్‌బెత్’ వెలువడుతున్న కాలంలోనే ఈ కొనుగోళ్ళన్నీ జరిగాయి. అక్కడ సంపాదించిన ప్రతి పౌనును ఆయన ఊరికి తెచ్చి నేలలో పెట్టాడని చెప్పినా తప్పులేదు.

1607 జూన్ 5వ తేదీన సుసానాకు జాన్ హాల్ అనే వైద్యునితో వివాహమైంది. ఆయన కేంబ్రిడ్జిలో చదివినవాడు, ఆ ప్రాంతమంతటా హస్తవాసి గల వైద్యుడని పేరుపొందినవాడు. తాను చికిత్స చేసిన రోగుల వివరాలను లాటిన్ భాషలో వ్రాసిపెట్టుకొన్నాడు. ఆయన మరణానంతరం 1657లో ఆ గ్రంథం ఆంగ్లంలో అచ్చయింది. అందులో భార్యకు, కూతురికి చేసిన వైద్యం గూర్చి ఉన్నది గాని, మామగారి చివరి జబ్బు గూర్చిన ప్రస్తావన లేదు. 1608 ఫిబ్రవరిలో ఈ దంపతులకు ఎలిజబెత్ అనే ఆడపిల్ల కలిగింది. షేక్‌స్పియర్ కన్నులారా చూచిన మనుమరాలు ఈమె ఒక్కతే.

ఇక మృత్యువు ఆ ఇంటిని విడిచిపెట్టలేదు. తండ్రి 1601లోనే గతించాడు. నటుడుగా జీవించిన చిన్న తమ్ముడు ఎడ్మండ్ 1607 డిసెంబరులో లండన్‌లో మరణించాడు. తల్లి 1608లో, తమ్ముడు గిల్బర్ట్ 1612లో, మరొక తమ్ముడు రిచర్డ్ 1613లో కన్నుమూశారు. నలుగురు అన్నదమ్ములలో పెద్దవాడొక్కడే మిగిలాడు. చెల్లెలు జోన్ మాత్రం జీవించి ఉన్నది.

అదే 1613 జూన్ 29వ తేదీన లండన్‌లోని గ్లోబ్ నాటకశాలలో ‘ఎనిమిదవ హెన్రీ’ ప్రదర్శన జరుగుతూ ఉండగా, రంగంపై పేల్చిన ఫిరంగి నిప్పు పూరికప్పుకు అంటుకొని భవనమంతా దగ్ధమైంది. ప్రాణనష్టం కలుగలేదు. ఒకని నిక్కరుకు నిప్పంటుకోగా సారాయితో ఆర్పారట. 1614లో ఆ నాటకశాలను పెంకుల కప్పుతో మరల కట్టారు గాని, షేక్‌స్పియర్ ఒంటరిగా నూతన నాటకం వ్రాసిన కాలం అప్పటికే ముగిసిపోయింది. ఆయన ఎక్కువ కాలం స్ట్రాట్‌ఫర్డ్‌లో గడిపినట్లును, అప్పుడప్పుడు మాత్రం లండన్ వెళ్ళివచ్చినట్లును దాఖలాలు ఉన్నాయి. ‘ఆల్ ఈజ్ ట్రూ’ చిత్రం ఈ అగ్నిప్రమాదంతోనే ప్రారంభమవుతుంది.

ఇంటికి చేరిన కవికి శాంతి లభించిందా అంటే, లేదనే చెప్పాలి. గ్లోబ్ తగులబడిన రెండు వారాలకే ఇంటిలో మరొక నిప్పు రాజుకొంది. జాన్ లేన్ అనే యువకుడు, పెళ్ళయి పిల్లతల్లి అయిన సుసానాకు పరపురుషునితో సంబంధం ఉన్నదని, దానివలన రోగం కూడా సోకిందని ఊరిలో ప్రచారం చేశాడు. చిన్న ఊరిలో ఇట్టి మాట ఎంత వేగంగా పాకుతుందో మనకు తెలియనిది కాదు. సుసానా ఇంటిలో కూర్చొని కన్నీరు కార్చలేదు. 1613 జూలైలో వూస్టర్ పట్టణంలోని చర్చి న్యాయస్థానంలో అతనిపై పరువునష్టం దావా వేసింది. లేన్ విచారణకు హాజరు కాలేదు. న్యాయస్థానం అతనిని వెలివేసింది. సుసానా పేరు నిలిచింది. ఆమె సంతకం చేయగలిగిన స్త్రీ అన్న సంగతి ఇచ్చట గుర్తుంచుకొనదగినది.

చెల్లెలు జూడిత్ కథ ఇట్లు లేదు. 1611లో ఒక ఆస్తి పత్రానికి సాక్షిగా నిలిచినప్పుడు ఆమె సంతకం చేయలేదు, గుర్తు మాత్రమే పెట్టింది. ‘పన్నెండవ రాత్రి’ నాటకంలో తెలివితేటలలో పురుషులను మించిన వయోలాను సృష్టించిన కవి, ‘వెనిస్ వర్తకుడు’లో న్యాయస్థానంలో వాదించే పోర్షియాను సృష్టించిన కవి, తన కన్నకూతురు కలం పట్టే అవసరం కలిగినప్పుడు గీతలు గీస్తుంటే ఏమని భావించాడో! ఆ కాలంలో ఆడపిల్లలకు చదువు చెప్పించే ఆచారం తక్కువన్నది నిజమే. ఆ ఊరి బడి మగపిల్లలకే గాని ఆడపిల్లలకు కాదన్నదీ నిజమే. అయినను సంపన్నుడైన తండ్రికి ఇంటిలో చెప్పించడం అసాధ్యమైన పని కాదు. తండ్రి ఊరిలో లేడు. తల్లి దస్తావేజులలో మౌనంగా ఉండిపోయింది. మన ప్రాంతంలో కూడ నిన్న మొన్నటి వరకు ఎన్నో ఇండ్లలో ఇదే జరిగింది గనుక జూడిత్‌ను గూర్చి చదివినప్పుడు ఆమె మనకు పరాయిదిగా తోచదు.

1616 ఫిబ్రవరి 10వ తేదీన, 31వ ఏట, జూడిత్ థామస్ క్వినీ అనే ద్రాక్షసారాయి వ్యాపారిని వివాహమాడింది. అతడు ఆమెకంటె నాలుగేండ్లు చిన్నవాడు. క్వినీ కుటుంబం షేక్‌స్పియర్ కుటుంబానికి పాత స్నేహితులే. థామస్ తండ్రి రిచర్డ్ క్వినీ 1598లో 30 పౌనుల అప్పు కోరుతూ వ్రాసిన ఉత్తరమే నేడు షేక్‌స్పియర్ పేర వ్రాయబడి మిగిలి ఉన్న ఒకే ఒక లేఖ. కాని ఈ పెళ్ళి అశుభంగా మొదలైంది. ఈస్టరు పండుగకు ముందు వివాహాలు నిషిద్ధమైన దినాలలో, ప్రత్యేక అనుమతి లేకుండ పెళ్ళి జరిగినందుకు చర్చి న్యాయస్థానం క్వినీని వెలివేసింది. ఇంతలో మార్గరెట్ వీలర్ అనే స్త్రీ ప్రసవంలో బిడ్డతో సహా మరణించింది. తల్లీబిడ్డలను మార్చి 15వ తేదీన ఖననం చేశారు. ఆ బిడ్డకు తండ్రి క్వినీయే. మార్చి 26వ తేదీన అతడు న్యాయస్థానంలో తప్పు ఒప్పుకొన్నాడు. మూడు ఆదివారాలు తెల్లని దుప్పటి కప్పుకొని చర్చిలో అందరి ముందు నిలబడాలన్నది మొదటి శిక్ష. తరువాత దానిని 5 షిల్లింగుల జరిమానాగా తగ్గించారు. ఒక స్త్రీ, ఒక శిశువు ప్రాణాలకు ఆ ఊరు కట్టిన వెల ఐదు షిల్లింగులు.

క్వినీ న్యాయస్థానంలో నిలబడటానికి ముందురోజు, మార్చి 25వ తేదీన, షేక్‌స్పియర్ తన వీలునామాను సవరింపజేశాడు. జనవరి అన్న మాటను కొట్టివేసి మార్చి అని వ్రాసిన ఆ కాగితాలు నేటికీ భద్రంగా ఉన్నాయి. జూడిత్‌కు సంబంధించిన భాగంలో అల్లుడన్న మాటను కొట్టివేసి, దాని స్థానంలో కూతురి పేరు చేర్చారు. ఆమెకు కట్నంగా 100 పౌనులు ఇచ్చి, ఒక చిన్న ఇంటిపై గల హక్కు వదులుకొంటే మరి 50 పౌనులు ఇవ్వవలెనన్నాడు. మూడేండ్ల తరువాత ఆమె గాని, ఆమె సంతానం గాని జీవించి ఉంటే ఇంకొక 150 పౌనులు ఏర్పరచాడు. కాని ఆ సొమ్ముపై వడ్డీ మాత్రమే ఆమెకు అందాలి. భర్త అంతటి విలువ గల భూమిని ఆమె పేర వ్రాస్తే తప్ప అసలు అతని చేతికి చిక్కరాదు. ఇది కూతురిపై కోపమా, కూతురికి కట్టిన కోటగోడయా? రెండవదే నిజమని మా అభిప్రాయం. తాగుబోతు, జూదరి అల్లుళ్ళకు భయపడి ఆడపిల్ల పేర పొలం వ్రాసే తండ్రులను మన ఊళ్ళలోను చూస్తూనే ఉన్నాము.

మిగిలిన ఆస్తిలో సింహభాగం సుసానాది. న్యూ ప్లేస్, హెన్లీ వీధిలోని ఇండ్లు, భూములు, లండన్‌లో 1613లో కొన్న ఇల్లు ఆమెకు, ఆమె తరువాత ఆమె మగసంతానానికి, వారు లేకపోతే మనుమరాలు ఎలిజబెత్ మగసంతానానికి, వారును లేకపోతే జూడిత్ మగసంతానానికి చెందాలని కట్టుదిట్టం చేశాడు. చెల్లెలు జోన్‌కు జీవితాంతం ఉండటానికి ఇల్లు, ఊరి పేదలకు 10 పౌనులు, తోటి నటులైన బర్బేజ్, హెమింజ్, కాండెల్‌లకు ఉంగరాల నిమిత్తం తలా 26 షిల్లింగుల 8 పెన్నీలు ఇచ్చాడు. భార్యకు వీలునామాలో పంక్తుల నడుమ ఇరికించి వ్రాసిన వాక్యంలో, ఇంటిలోని రెండవ రకం మంచం, దాని సామానుతో సహా లభించింది. ఇది అవమానమని కొందరు, మేలిమంచం అతిథులది గనుక ఇది దంపతులిద్దరిదీ అని కొందరు, భర్త ఆస్తిలో మూడవ వంతు అనుభవించే హక్కు ఆమెకు ఉండనే ఉన్నదని మరికొందరు విద్వాంసులు వాదిస్తారు. మనం గమనింపవలసినది మరొకటి ఉన్నది. మంచానికి, వెండిగిన్నెకు, కత్తికి చోటు దొరికిన ఆ వీలునామాలో ఒక్క పుస్తకానికి గాని, ఒక్క నాటకానికి గాని చోటు దొరకలేదు.

1616 ఏప్రిల్ 23వ తేదీన ఆయన మరణించాడు. 25వ తేదీన, తాను బాప్తిస్మం పొందిన చర్చిలోనే ఖననం జరిగింది. 

ఇక ఆయన కట్టిన వంశపు కోట ఏమైంది? ఆ నవంబరులో జూడిత్‌కు కొడుకు పుట్టాడు. ఆ శిశువుకు షేక్‌స్పియర్ అనే పేరే పెట్టారు. ఇంటిపేరు పోయినా పిలుపుపేరుగానైనా నిలుస్తుందని ఆమె ఆశపడింది కాబోలు. ఆరు నెలలకే ఆ పసివాడు మరణించాడు. తరువాత పుట్టిన రిచర్డ్, థామస్ పెరిగి పెద్దవారై, 1639లో కొద్ది వారాల ఎడంలో ఇద్దరును గతించారు. అప్పటికి వారికి ఇరవై ఏండ్లకు అటూ ఇటూ వయస్సు. సుసానాకు ఎలిజబెత్ తప్ప వేరే సంతానం లేదు. ఎలిజబెత్ రెండుసార్లు వివాహమాడినా పిల్లలు కలుగలేదు. 1670లో ఆమె మరణంతో మహాకవి సాక్షాద్వంశం అంతరించింది. చెల్లెలు జోన్ సంతతి మాత్రం కొనసాగింది. న్యూ ప్లేస్ భవనాన్ని 1759లో అప్పటి యజమాని నేలమట్టం చేయించాడు. నేడు అక్కడ తోట మాత్రమే ఉన్నది.

వీలునామాలో చోటు దొరకని నాటకాలు మాత్రం బ్రతికాయి. ఉంగరాలు పొందిన హెమింజ్, కాండెల్‌లు వాటిని సేకరించి 1623లో ఒక పెద్ద గ్రంథంగా ప్రకటించారు. అందులో 36 నాటకాలు ఉన్నాయి. వాటిలో 18 అంతకు ముందు అచ్చు ముఖం చూడనివి. ‘మాక్‌బెత్’, ‘టెంపెస్ట్’, ‘జూలియస్ సీజర్’ వాటిలోనివే. ఆ గ్రంథం వెలువడటానికి కొద్ది నెలల ముందు, ఆగస్టు 6వ తేదీన, ఆన్ కన్నుమూసింది. రక్తసంబంధానికి అప్పగించినది పోయింది, స్నేహానికి అప్పగింపకయే మిగిలినది నిలిచింది.

చలనచిత్రం ఈ కథలో దస్తావేజులు మౌనం వహించిన చోట్లలో మాట్లాడింది. లేన్ నింద, క్వినీ తప్పు అందులో ఉన్నాయి, అవి చరిత్రే. కాని హామ్నెట్ వ్రాసినవని తండ్రి మురిసిపోయిన పద్యాలు నిజానికి జూడిత్‌వని, ఆ బాలుడు తెగులుతో గాక నీటిలో మునిగి మరణించాడని చూపించినది కల్పన. దానికి ఆధారం లేదు. ఇట్టి కల్పనను తప్పుపట్టేవారు కలరు. మేము పూర్తిగా తప్పుపట్టలేము. షేక్‌స్పియర్ కూడ రాజుల చరిత్రను ఇట్లే వాడుకొన్నవాడు కదా! అయితే చూచేవారు కల్పన ఏది, దాఖలా ఏది అని వేరు చేసుకొనగలిగి ఉండాలి. చరిత్ర విద్యార్థికి ఇది మొదటి పాఠం. మరి ఆ కల్పనలోని ప్రశ్న మాత్రం న్యాయమైనది. కొడుకు పోయాడని ఏండ్ల తరబడి దుఃఖించిన ఇంటిలో, అతనితో కలిసి పుట్టి బ్రతికి ఉన్న ఆడపిల్లను ఎవరైనా చూచారా?

జూడిత్ తన అక్కకంటె ఎక్కువ కాలం జీవించింది. ముగ్గురు కొడుకులను పోగొట్టుకొని, 77వ ఏట, 1662 ఫిబ్రవరిలో మరణించింది. స్ట్రాట్‌ఫర్డ్ చర్చిలో బలిపీఠం ముందు షేక్‌స్పియర్ ప్రక్కన భార్య ఆన్, కుమార్తె సుసానా, అల్లుడు జాన్ హాల్, మనుమరాలి మొదటి భర్త థామస్ నాష్ వరుసగా విశ్రమించి ఉన్నారు. సుసానా సమాధిపై ఆమె తెలివిని తండ్రితో పోల్చి పొగడిన శాసనం ఉన్నది. ఆ వరుసలో జూడిత్ లేదు. చర్చి ఆవరణలో ఎక్కడో ఉన్న ఆమె సమాధికి గుర్తు రాయి కూడ లేదు. ఆమెను గూర్చి మనకు మిగిలినవి రిజిస్టరులోని కొన్ని పంక్తులు, తండ్రి వీలునామాలోని కొన్ని షరతులు, ఒక పత్రంపై ఆమె చేతితో పెట్టిన గుర్తు. షేక్‌స్పియర్ నాటకాలను పరీక్షలకై చదివే మన విద్యార్థినీ విద్యార్థులు ఆ గుర్తును కూడ ఒక్కమారు తలచుకొనవలెనని మా కోరిక.